80 స్పీడులో మిగిల్చిన నిమిషాలు ఫ్యాక్టరీ గేటు ముందే పోతున్నాయి

సంపాదకులు గారికి,

నమస్కారం. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో లారీల వేగం గురించి పత్రికలో వార్త వచ్చిందంటే అది దాదాపుగా ప్రమాద వార్తే. మొగిలి ఘాట్‌లోనో, భాకరాపేట మలుపుల్లోనో ఏదో జరిగాకే స్పీడు మాట ఎత్తుకుంటాం. ఏ ప్రమాదమూ జరగని రోజున కూడా ఆ స్పీడు యజమాని జేబునూ, డ్రైవరు ఒంటినీ తింటూనే ఉంటుంది. ఎంత తింటోందో రూపాయల్లో లెక్క వేసి చూపిస్తే తప్ప ఈ అలవాటు మారదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పదిచక్రాల బండినే తీసుకుందాం. లోడుతో కలిపి 28.5 టన్నులు. 2018లో కేంద్రం పెంచిన పరిమితి అది, అంతకు ముందు 25 టన్నులే. చదును రోడ్డు మీద ఈ బండి పోతుంటే రెండు వెనక్కి లాగుతుంటాయి. ఒకటి టైర్ల రాపిడి. అది బరువును బట్టి ఉంటుంది, స్పీడుతో పెద్దగా మారదు. మంచి తారు రోడ్డు మీద సుమారు 200 కిలోల లాగుడు అనుకోవచ్చు. రెండోది గాలి. దీని లెక్క వేరు. స్పీడు రెట్టింపైతే గాలి నెట్టుడు నాలుగింతలవుతుంది. మన లారీల ముక్కు గోడలా నిటారుగా ఉంటుంది, వెనక లోడు క్యాబిన్ కంటే పైకి లేచి ఉంటుంది. అలాంటి బండిని గంటకు 60 కిలోమీటర్ల దగ్గర గాలి సుమారు 110 కిలోల బలంతో వెనక్కి నెడితే, 80 దగ్గర ఆ బలం 195 కిలోలకు చేరుతుంది. అంటే 80లో పోయే బండి టైర్లను దొర్లించడానికి ఎంత డీజిల్ తాగుతుందో, గాలిని చీల్చడానికీ దాదాపు అంతే తాగుతుంది.

దీన్ని మైలేజీలోకి మారుస్తే, 60 దగ్గర లీటరుకు 4.2 కిలోమీటర్లు ఇచ్చే బండి 70 దగ్గర 3.8కి, 80 దగ్గర 3.45కి పడిపోతుంది. బాడీ ఎత్తు, టైర్లు, ఇంజను వయసు బట్టి అంకెలు అటూఇటూ కావచ్చు, పడిపోయే తీరు మాత్రం ఇదే. లెక్క సులువు కోసం డీజిల్ లీటరు 100 రూపాయలు అనుకుని 100 కిలోమీటర్ల చదును రోడ్డు చూడండి. 60లో పోతే 100 నిమిషాలు, 23.8 లీటర్లు. 70లో 86 నిమిషాలు, 26.3 లీటర్లు. 80లో 75 నిమిషాలు, 29 లీటర్లు. 60 నుంచి 70కి ఎక్కినప్పుడు 14 నిమిషాలు కలిసొస్తాయి, 250 రూపాయలు పోతాయి. అంటే నిమిషం 18 రూపాయలు. 70 నుంచి 80కి ఎక్కినప్పుడు కలిసొచ్చేది 11 నిమిషాలే, పోయేది 270 రూపాయలు. నిమిషం 25 రూపాయలు పడుతోంది. పైకి పోయేకొద్దీ నిమిషం ధర పెరుగుతోంది గానీ తగ్గడం లేదు.

మొత్తం మీద 60కి బదులు 80లో పోయిన బండి 25 నిమిషాలను 520 రూపాయలకు కొంటోంది. గంట లెక్కన 1,250 రూపాయలు. ఈ రోడ్ల మీద ఏ డ్రైవరుకూ గంటకు అంత కూలి రావడం లేదు.

యజమానులు అడిగేది ఒకటుంది, అడగడం న్యాయమే. బండి ఊరికే నడవడం లేదు కదా, కంతులు కట్టాలి, ఇన్సూరెన్సు, పర్మిటు, జీతాలు ఉన్నాయి, సమయానికీ విలువ లేదా అని. ఉంది. అవన్నీ కలిపి నెలకు లక్షా 20 వేలు అనుకుందాం. బండి నెలకు 250 గంటలు రోడ్డు మీద తిరిగితే గంటకు 480 రూపాయలు పడుతుంది. 25 నిమిషాలకు 200 రూపాయలు. 200 రూపాయల సమయాన్ని 520 రూపాయల డీజిల్ పోసి కొంటున్నాం. అది కూడా ఆ 25 నిమిషాలు చివర్లో పనికొస్తేనే. అవతల ఇంకో లోడు సిద్ధంగా ఉంటే పనికొస్తాయి. మదనపల్లె నుంచి పోయే టమోటా లోడు వేలం వేళకు అందితే పనికొస్తాయి. ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో పోయి నిలబడటానికైతే ఆ నిమిషాల విలువ సున్నా.

మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది ఈ చివరిదే. మామిడి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడ్లు ఎలా బారులు తీరతాయో ఈ జిల్లాలో తెలియనివారు లేరు. సిమెంటు గోడౌన్లు, దాణా మిల్లులు, సరుకు యార్డులు కూడా అంతే. రాత్రంతా 80లో తోలి తెల్లవారుజామున 4 గంటలకు చేరిన బండికి 11 గంటలకు గేటు తీస్తారు. ఆలోపు డ్రైవరు బండి దిగి పోలేడు, వరుస కదిలితే ముందుకు జరపాలి. అలా జరపడం కోసం ఇంజను ఆపకుండా ఉంచితే గంటకు సుమారు 2 లీటర్లు ఊరికే కాలిపోతాయి.

చవక డీజిల్ కోసం మనవాళ్లు పడే తాపత్రయం చూస్తే ఇంకా బాధేస్తుంది. పక్కనున్న కర్ణాటక, తమిళనాడుల కంటే మన దగ్గర లీటరు ధర ఎక్కువ కాబట్టి కర్ణాటక సరిహద్దులోని నంగిలి దాటాకే ట్యాంకు నింపుకోవాలని బెంగళూరు రోడ్డు డ్రైవర్లందరికీ ఓనర్ల ఆదేశం. తప్పేమీ లేదు. లీటరుకు 5 రూపాయలు మిగిలాయనుకున్నా 200 లీటర్లకు 1,000 రూపాయలు. అదే బండిని 200 కిలోమీటర్లు 80లో తోలితే ఆ వెయ్యి పోయి ఇంకో 40 చేతినుంచి పడతాయి. బంకు దగ్గర పైసా పైసా చూసుకునే మనం యాక్సిలరేటరు దగ్గర చూసుకోవడం లేదు.

ఇక కాలి కింద జరిగే నష్టాల్లో పెద్దది బ్రేకు. 28.5 టన్నుల బండిని నిలబడ్డ చోటు నుంచి 60కి తీసుకుపోవడానికి దాదాపు 0.28 లీటరు డీజిల్ కావాలి. 80కి అయితే అర లీటరు. బ్రేకు తొక్కి ఆపిన ప్రతిసారీ ఆ డీజిలంతా బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా మారిపోతుంది. 80లో పోతూ టోల్‌గేటు దాకా వచ్చి గట్టిగా బ్రేకు తొక్కితే 50 రూపాయల నోటును డ్రమ్ముకు ఒరుసుకునే లైనర్ల మధ్య పెట్టి కాల్చినట్టే. టోలు బోర్డు కనబడగానే కాలు ఎత్తేస్తే బండి తన ఊపుతోనే ముప్పావు కిలోమీటరు పోతుంది, గేరులోనే, డీజిల్ లేకుండా. పుత్తూరు, నగరి వైపు ఊళ్ల దగ్గర స్పీడు బ్రేకర్లకూ ఇదే పద్ధతి. ముందు బండికి నాలుగైదు సెకన్ల దూరం ఉంచితే బ్రేకు అవసరం బాగా తగ్గుతుంది. ముందు బండి టైల్ లైటుకు అతుక్కుని పోయేవాడికి ఈ వీలుండదు.

ఘాట్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చిత్తూరు సముద్రమట్టానికి 330 మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు 680 మీటర్ల దగ్గర ఉంది. 350 మీటర్ల తేడా. ఆ ఎత్తుకు ఈ బండిని లేపడానికే సుమారు 7 లీటర్లు కావాలి. మెల్లగా ఎక్కినా, వేగంగా ఎక్కినా ఆ 7 లీటర్లు తప్పవు. కాబట్టి ఎక్కేటప్పుడు తొందరపడి లాభం లేదు. అలాగని పెద్ద గేరులో ఇంజను మూలుగుతుండగా లాగించడం కూడా తప్పే. చాలా బండ్లలో ఇంజను తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం మీటరు మీద 1,100 నుంచి 1,600 దాకా పచ్చరంగు గీత ఉంటుంది. ముల్లు ఆ గీత కింది అంచుకు దిగకముందే గేరు తగ్గించాలి. దిగిపోయాక తగ్గిస్తే ఊపు పోతుంది, పోయిన ఊపును తేవడానికి మళ్లీ డీజిలే. ఎక్కుడు నెత్తికి ఇంకా 100, 150 మీటర్లు ఉందనగానే కాలు తేలిక చేయాలి. అక్కడ గట్టిగా తొక్కి సంపాదించిన స్పీడును అవతల దిగుడులో బ్రేకు తొక్కి పోగొట్టుకోవాల్సిందే.

దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందన్న నమ్మకం ఇంకా గట్టిగా ఉంది. పాత పంపు ఇంజన్ల రోజుల నుంచి గురువు నుంచి శిష్యుడికి వస్తున్న మాట ఇది. డీజిల్ సరఫరాను కంప్యూటరు చూసుకునే ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో బండి గేరులో ఉండగా యాక్సిలరేటరు నుంచి కాలు పూర్తిగా తీసేస్తే ఇంజెక్టర్లకు డీజిల్ సరఫరా ఆగిపోతుంది. చక్రాలే ఇంజన్ను తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో ఉంటే ఇంజను ఆరిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉండాలి. అంటే ఘాట్ దిగుడులో గేరులో ఉన్న బండి ఖర్చు సున్నా, న్యూట్రల్‌లో ఉన్న బండిదే ఖర్చు. దానికి తోడు, పొగ దారిని మూసి ఇంజనుతోనే బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేకు న్యూట్రల్‌లో పనిచేయదు. ప్రతి 100 మీటర్ల ఎత్తు దిగినప్పుడు ఈ బండి వదిలే శక్తి దాదాపు 95 లీటర్ల నీళ్లను మరగబెట్టేంత. అందులో కొంత టైర్లూ గాలీ తీసుకుంటాయి, మిగిలింది ఇంజను పట్టకపోతే బ్రేకు డ్రమ్ములే పట్టాలి. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనరు పట్టు తప్పుతుంది, పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. అప్పుడు గేరు వేద్దామన్నా పడదు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పెద్దల మాట, ఇప్పటి బండ్లలో ఇంకా కింది గేరు కూడా అవసరం కావచ్చు. దిగుడు మొదలవకముందే ఆ గేరు వేసుకోవాలి. ఇంజను ఆపేసి దింపేవాళ్లు కూడా ఉన్నారు. పవర్ స్టీరింగు పోతుంది, కంప్రెసరు ఆగి బ్రేకు గాలి ట్యాంకులు నిండవు. ఇందులో మిగిలేది ఏమీ లేదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం తప్ప.

టైర్ల గాలి సంగతి. సుత్తితో కొట్టి చప్పుడు విని సరిపోయిందనడం గాలి చూడటం కాదు. గాలి ఒత్తిడి 20 పౌండ్లు (పీఎస్‌ఐ) తగ్గిన టైరూ అదే చప్పుడు చేస్తుంది. తెల్లవారుజామున, బండి కదలకముందు, చల్లటి టైరుకు గేజి పెట్టి చూడాలి. ఈ తరహా రేడియల్ టైర్లకు మామూలుగా 110 నుంచి 120 పౌండ్లు ఉంటుంది, మీ టైరుకు ఎంతో కంపెనీ పట్టికలో చూసుకోండి. అన్ని టైర్లలో 10 పౌండ్లు తగ్గితే మైలేజీలో ఒక శాతం దాకా పోతుంది. జంట టైర్లలో లోపలిది ఎవరి కంటికీ ఆనదు, అదే ముందు పోతుంది. లోపలి టైరు గాలి తగ్గితే బరువంతా బయటిదాని మీద పడుతుంది, రెండూ వేడెక్కుతాయి. రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు మే నెల మధ్యాహ్నం రోడ్డు ఎలా కాలుతుందో తెలిసిందే. ఆ ఎండలో గాలి తక్కువున్న టైరుతో 80లో పోతే పగలక ఏం చేస్తుంది? ఎండలో నడిచాక గేజిలో అంకె పెరిగిందని గాలి వదిలేస్తారు కొందరు. అది ఇంకా పెద్ద తప్పు. వేడికి పెరగడం సహజం, వదిలితే చల్లారాక కావాల్సినదాని కంటే కిందికి దిగిపోతుంది.

బ్రేకు పట్టుకుని ఉన్న చక్రం డీజిల్ దొంగ. బ్రేకు పెద్దగా వాడకుండా ఒక 20 కిలోమీటర్లు నడిపి ఆపాక ఒక్కో చక్రం హబ్బు దగ్గర, తాకకుండా, అరచేతి వెనక భాగం పెట్టి చూడండి. మిగతావాటి కంటే ఒకటి సెగ కొడుతుంటే అక్కడ లైనరు డ్రమ్మును వదలడం లేదని అర్థం. బ్రేకు బిగువు సరిచేసే స్లాక్ అడ్జస్టరు, లైనరును వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగు మెకానిక్‌కు చూపించాలి. లోడు మీద కప్పే పట్టా (టార్పాలిన్) సంగతి కూడా అంతే. తాడు సడలి పట్టా అంచు టపటపా కొట్టుకుంటుంటే ఆ చప్పుడు క్యాబిన్‌లోకి వినిపిస్తూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పట్టా ఉబ్బి గొడుగులా గాలి పట్టిందంటే లెక్కలో చెప్పిన 195 కిలోలు ఇంకా పెరుగుతాయి. టీ కోసం ఆపిన చోట తాడు బిగిస్తే సరిపోతుంది. ఎయిర్ ఫిల్టరు, అలైన్‌మెంటు గురించి అందరికీ తెలిసిందే. కొత్త కాలుష్య ప్రమాణాల బీఎస్6 బండ్లకు 100 లీటర్ల డీజిల్‌కు 4 నుంచి 6 లీటర్ల యాడ్‌బ్లూ (పొగను శుద్ధి చేసే ద్రవం) కూడా పోతుంది కాబట్టి డీజిల్ తగ్గితే అదీ తగ్గుతుంది.

ఇవన్నీ నిజమో కాదో ఎవరికి వారు చూసుకోవచ్చు. ట్యాంకులో ముంచి చూసే డిప్‌స్టిక్ కర్రతో కాదు. ఒకే బంకులో, అదే పంపు దగ్గర, బండి సమంగా నిలబెట్టి నాజిలు దానంతట అది ఆగేదాకా ట్యాంకు నింపాలి. కిలోమీటర్ల రీడింగు రాసుకోవాలి. అదే దారిలో, దాదాపు అదే బరువుతో పోయి వచ్చి, మళ్లీ అదే పంపు దగ్గర అలాగే నింపాలి. పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే అసలు మైలేజీ. ఒక్క ట్రిప్పుతో తేల్చకూడదు, ఎదురుగాలి, వాన, ట్రాఫిక్ లెక్క తప్పిస్తాయి. మామూలు తోలుడుతో మూడు ట్రిప్పులు, 60, 65 మధ్య మూడు ట్రిప్పులు. ఆ ఆరు ట్రిప్పులయ్యేదాకా టైర్లు మార్చకూడదు, సర్వీసు చేయించకూడదు. లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

మెల్లగా పోవడానికీ మర్యాద ఉంది. 60లో పోయే బండి ఎడమ వరుస వదలకూడదు. 62లో పోయే లారీని 65లో దాటబోయే లారీకి పక్కకు తిరిగి రావడానికి నిమిషం పైన పడుతుంది, ఆలోపు కిలోమీటరుంపావు రోడ్డు రెండు వరుసలూ మూసుకుపోతాయి. తిరుపతి వచ్చే కార్లూ బస్సులూ వెనక హారన్లు కొడుతుంటాయి. దాటే అవసరం లేనప్పుడు దాటకపోవడమే మేలు. నాలుగు వరుసల రోడ్డు మీద సరుకు బండ్లకు 2018 నుంచి ఉన్న 80 పరిమితి అంతకు మించి పోరాదని చెప్పేది, అంత స్పీడులో పోయి తీరాలని కాదు. స్పీడు గవర్నరు 80కి బిగించింది కూడా అందుకే.

డ్రైవర్లను మాత్రమే తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ట్రిప్పుకు ఇంత డీజిలే ఇస్తాం, మించితే జీతంలో కోత అంటారు. అదే నోటితో తెల్లారేలోగా చేరకపోతే బాడుగలో కోత అంటారు. రెండూ కలిసి రావు. రెండో కోత పెద్దది కాబట్టి డ్రైవరు స్పీడునే ఎంచుకుంటాడు, నిద్ర మానుకుని మరీ. రోజుకు 8 గంటల పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. మన రోడ్ల మీద ఎంతమంది డ్రైవర్లకు అది అందుతోందో లారీ ఆఫీసుల్లో అడిగితే తెలుస్తుంది.

అందుకే అడిగేది ఇది. ఫ్యాక్టరీలు, గోడౌన్లు, మార్కెట్ యార్డులు లోడు బయలుదేరకముందే ఫోనులో దింపే వేళ టోకెనుగా ఇవ్వాలి. ఆ వేళకు గంట అటూఇటూ అయినా కోత వేయకూడదు. టోకెను వేళ దాటాక బండిని నిలబెడితే నిలుపుదల డబ్బు సరుకువాళ్లే కట్టాలి. లారీ యజమానులు చేరే వేళను గంటకు 45, 50 కిలోమీటర్ల సగటుతో లెక్క కట్టి రాతపూర్వకంగా ఇవ్వాలి, మిగిలిన డీజిల్‌లో మూడో వంతు డబ్బు డ్రైవరుకు అదే ట్రిప్పులో చేతికివ్వాలి. నెలాఖరుకు ఇస్తామంటే ఎవరూ నమ్మరు. రవాణా శాఖ ఘాట్ల పైన, దిగుడు మొదలయ్యే చోట, బండి ఆపి బ్రేకులూ టైర్లూ చూసుకోవడానికి నీళ్లు, మరుగుదొడ్డి ఉన్న జాగా ఏర్పాటు చేయించాలి. న్యూట్రల్ సంగతి హెవీ లైసెన్సు రెన్యువల్ వేళే చెప్పించాలి, తెలుగులో.

రెండు జిల్లాల కలెక్టర్లు మామిడి సీజను ముందు ఫ్యాక్టరీలతో సమావేశం పెట్టేటప్పుడు మామిడి ధరతో పాటు ఈ టోకెను వేళల మాట కూడా ఎజెండాలో చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ సమావేశానికి లారీ డ్రైవర్ల తరఫున కనీసం ఇద్దరిని పిలవాలి.

ఇట్లు,
లారీల డీజిల్ లెక్కలు రాసే ఒక గుమస్తా,
చిత్తూరు